బొద్దుగా ఉంటే ముద్దేనా?

మన తెలుగువాళ్ళ పలకరింపుల్లో ఒక చిత్రం ఉంది. ఆరునెలల తర్వాత ఎవరైనా కనబడితే ముందు వచ్చే మాట "ఏంటి, ఇలా చిక్కిపోయావు?" అని. నిజంగా చిక్కారా లేదా అన్నది ఎవరికీ పట్టదు. చిక్కిపోయావంటే నీ మీద నాకు ప్రేమ ఉందని అర్థం, నిన్ను సరిగ్గా చూసుకోనివాళ్ళకి ఒక చురక. "కాస్త ఒళ్ళు చేశావే" అన్నారంటే అత్తారింట్లో బాగా చూసుకుంటున్నారని సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

ఈ పలకరింపు ఈ మధ్య కుక్కలకీ పిల్లులకీ కూడా పాకింది. మా అపార్ట్‌మెంట్లో నలభై ఫ్లాట్లకి పదకొండు కుక్కలు, నాకు తెలిసి నాలుగు పిల్లులు. ఆ పదకొండింటిలో నడుము అనేది కనిపించేవి మూడే మూడు. ఆ మూడింటినీ చూసి అందరూ జాలిపడతారు, పాపం తిండి పెట్టరేమో అని. మిగతా ఎనిమిదింటికీ బుగ్గలు గిల్లుతారు. బల్లలాగా వెడల్పైపోయి, లిఫ్ట్ దగ్గరకి నడిచి వచ్చేసరికి నాలుక బయటపెట్టి ఆయాసపడే కుక్కని చూసి "ఎంత క్యూట్‌గా ఉందో" అంటారు. దిష్టి తగులుతుందని మెడలో నల్లతాడు కట్టిన ఇల్లు కూడా ఉంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మనుషుల లావు గురించి నేను ఇక్కడ మాట్లాడటం లేదు. మనిషి లావుకి సవాలక్ష కారణాలు ఉంటాయి. కాన్పులు, థైరాయిడ్, మందులు, నైట్ డ్యూటీలు, మనసు బాగోకపోవడం. పైగా అది వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇష్టం. ఆడవాళ్ళ ఒంటి మీద ఊరందరూ తీర్పులు చెప్పే దేశంలో నేను కూడా ఒక కుర్చీ వేసుకుని కూర్చోను. కానీ కుక్క సంగతి వేరు. కుక్క ఫ్రిజ్ తలుపు తీయలేదు. స్విగ్గీలో ఆర్డర్ పెట్టుకోలేదు. దాని ఒంటి మీద ఎక్కువైన ప్రతి కిలో ఎవరో ఒకరి చేతి మీదుగా వెళ్ళిందే. అందుకే కుక్క లావుని నేను కుక్క జబ్బు అనుకోను. ఆ ఇంట్లో తిండి లెక్క ఎవరి చేతిలోనూ లేదు అనుకుంటాను.

అసలు లావుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. కాటా కూడా అక్కర్లేదు. మీ చెయ్యి చాలు. ఎడమ చెయ్యి బల్ల మీద అరచెయ్యి కిందకి వచ్చేలా చాపి పెట్టండి. కుడిచేతి వేళ్ళతో దాని వెనక వైపు తడమండి. పల్చటి చర్మం కింద ఎముకలు తగులుతాయి కదా, మంచి బరువులో ఉన్న కుక్క పక్కటెముకలు అలా తగలాలి. ఇప్పుడు పిడికిలి బిగించి కణుపుల మీద తడమండి, అలా పొడుచుకొచ్చి ఉంటే బక్కచిక్కినట్టు. అరచెయ్యి తిప్పి తడమండి, మెత్తగా ఉండి వెతికితే గానీ ఎముక దొరకదు. అదీ లావు. ఆ తర్వాత నిలబడి పైనుంచి చూడండి. పక్కటెముకల వెనక నడుము లోపలికి వంగాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక కాళ్ళ వైపుకి పైకి లేవాలి. డాక్టర్లు దీన్నే తొమ్మిది మెట్ల కొలతగా వాడతారు. ఒకటి అంటే ఎముకల గూడు, తొమ్మిది అంటే నడవలేని లావు, నాలుగో అయిదో ఉంటే కుక్క బాగున్నట్టు. పిల్లికి అయిదు. మా అపార్ట్‌మెంట్లో ముద్దులు అందుకునేవాళ్ళు ఏడు, ఎనిమిది దగ్గర ఉన్నారు. మన దగ్గరే అనుకోకండి, అమెరికాలో డాక్టర్ల సర్వేల్లో పెంపుడు కుక్కలూ పిల్లులూ సగానికి పైగా ఇదే బాపతు.

"అయితే ఏంటి, నాలుగు రోజులు బతికే ప్రాణి, తిననివ్వండి" అనేవాళ్ళకి ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని తీసుకుని, ఒకే కాన్పువాటిని జతలు జతలుగా విడదీశారు. జతలో ఒకదానికి ఎంత పెడితే రెండోదానికి అందులో పాతిక శాతం తక్కువ. అది కూడా జీవితాంతం. పద్నాలుగేళ్ళు చూసి 2002లో ఫలితం బయటపెట్టారు. ఎక్కువ తిన్నవాటిలో సగం 11.2 ఏళ్ళకి పోయాయి. తక్కువ తిన్నవాటిలో సగం పోవడానికి 13 ఏళ్ళు పట్టింది. అంటే దాదాపు రెండేళ్ళు. కీళ్ళనొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఈ ప్రయోగం చేయించింది కుక్కల తిండి అమ్మే ప్యూరినా కంపెనీయే. తిండి అమ్ముకునేవాడే తక్కువ పెట్టమంటే మనం వినకపోతే ఎలా? నాలుగు రోజులు బతికే ప్రాణి కాబట్టే అందులో రెండేళ్ళు చిన్న మాట కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. రెండేళ్ళ క్రితం అత్తయ్యగారు పోయాక మామయ్యగారు కాకినాడ ఇల్లు అద్దెకిచ్చేసి హైదరాబాద్ మా దగ్గరకి వచ్చేశారు. ఆయనతో పాటు సీజర్ వచ్చింది. ఆరేళ్ళ లాబ్రడార్. మా వారు కారులోంచి దాన్ని దింపడానికి వాచ్‌మన్‌ని పిలవాల్సి వచ్చింది. కాటా మీద 41 కిలోలు. ఆ వారంలోనే మా లిఫ్ట్ పాడైంది. మాది మూడో అంతస్తు. పొద్దున్న కిందకి దిగిన సీజర్ మళ్ళీ ఎక్కలేకపోయింది, రెండో అంతస్తు మెట్ల మీద కూలబడిపోయింది. మా వారు, పక్కింటి అబ్బాయి కలిసి దుప్పటిలో వేసి పైకి మోసుకొచ్చారు. మామయ్యగారు వెనకాలే నెమ్మదిగా ఎక్కుతూ "జాగ్రత్త నాన్నా, జాగ్రత్త" అంటూ వచ్చారు. ఆ మాట కొడుకుతో అన్నారో కుక్కతో అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

డాక్టరు గారు రక్తం తీసి థైరాయిడ్ చూశారు. కుక్కలకి కూడా అది తక్కువైతే ఒళ్ళు వస్తుందట. అది బాగానే ఉంది. మోకాళ్ళ మీద భారం పడుతోంది, ఇలాగే ఉంటే లోపలి నరం తెగి ఆపరేషన్ దాకా వెళ్తుంది, ముప్పై కిలోలకి దించమన్నారు. రోజుకి సుమారు 900 కేలరీలు పెట్టమన్నారు. ఇంటికొచ్చాక నేను కాగితం తీసుకుని సీజర్ దినచర్య రాశాను. తెల్లవారుజామున కాఫీతో పాటు గ్లూకోజ్ బిస్కెట్లు ఆరు. పది గంటలకి నెయ్యి రాసిన ఇడ్లీలు రెండు. పాకెట్ ఫుడ్ రెండు పూటలకీ కలిపి ముప్పావు డబ్బా. మధ్యాహ్నం మామయ్యగారి కంచంలోంచి పెరుగన్నం. సాయంత్రం చపాతీ. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలు. అన్నీ కూడితే రెండువేలకి కాస్త అటూ ఇటూ. మా ఇంట్లో మనుషుల్లో కూడా రోజూ అంత తినేవాళ్ళు ఇద్దరే.

తగ్గిద్దామంటే మామయ్యగారు ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఇవన్నీ మీ అత్తయ్య అలవాటు చేసినవి. ఆవిడ పోయింది, దానికి చెప్పినా తెలీదు. ఆవిడ పోవడంతోపాటు ఇడ్లీ కూడా పోయిందంటే అది ఏమనుకుంటుంది?" అన్నారు.

దీనికి ఏ డాక్టరు దగ్గర జవాబు ఉంటుంది చెప్పండి.

కుక్కల బరువు మీద రాసేవాళ్ళంతా "యజమాని గట్టిగా ఉండాలి" అని ఒక వాక్యం రాసి వెళ్ళిపోతారు. ఇంట్లో ఎవరు పెడుతున్నారు, ఎందుకు పెడుతున్నారు అని అడగరు. నా ఉద్దేశంలో కుక్కకి అతిగా తిండి పెట్టే చేతులు మూడు రకాలు. మొదటిది పొద్దున్న తొమ్మిదికి తాళం వేసుకుని వెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చే చెయ్యి. పదకొండు గంటలు ఒంటరిగా వదిలేశామన్న బాధని ఒక పాకెట్ చికెన్ ముక్కలతో కడిగేసుకుంటుంది. రెండోది పిల్లల చెయ్యి. తమ కంచంలో నచ్చనిది బల్ల కిందకి జారవిడుస్తుంది. మూడోది పెద్దవాళ్ళ చెయ్యి. పిల్లలు పెద్దయిపోయారు, మనవళ్ళు ఫోన్లలో ఉన్నారు, "ఇంకొంచెం పెట్టనా" అంటే "వద్దు తాతయ్యా" అంటున్నారు. ఇంట్లో వద్దు అనని ప్రాణి ఒక్కటే మిగిలింది. ఆ చేతిలోంచి బిస్కెట్ లాగేసుకుంటే కుక్క బరువు తగ్గుతుంది గానీ, ఆ మనిషి రోజులో మిగిలిన ఒకే ఒక్క పని కూడా పోతుంది.

అందుకని నేను తిండి లెక్కంతా మామయ్యగారికే అప్పజెప్పాను. ఆయన ట్రెజరీలో ముప్పై నాలుగేళ్ళు పద్దులు రాసి రిటైరయిన మనిషి. వంటింటి తూకం మెషీన్, ఒక స్టీలు డబ్బా, ఒక రూళ్ళ పుస్తకం ఆయన బల్ల మీద పెట్టి, "మామయ్యగారూ, రోజుకి 900, ఒక్క కేలరీ దాటినా ఆడిట్ అబ్జెక్షనే. మీరే చూసుకోవాలి, మాకెవరికీ కుదరదు" అన్నాను. నిజంగానే మాకెవరికీ కుదరదు కూడా. రెండో రోజుకల్లా ఆ పుస్తకంలో జమ, ఖర్చు, నిల్వ అని మూడు గడులు గీశారు. పాకెట్ వెనక రాసినవి భూతద్దం పెట్టి చదివారు. గ్లూకోజ్ బిస్కెట్లు వంద గ్రాములకి సుమారు 450 కేలరీలని తెలిసి, "ఇదేవిటమ్మా, కాఫీ దగ్గరే దీనికి పూటభోజనం అయిపోతోంది!" అని ఆశ్చర్యపోయారు. వారానికల్లా ఆయనే మమ్మల్ని దబాయించడం మొదలుపెట్టారు. మా చిన్నాడు దోసె ముక్క విసిరితే పుస్తకంలో వాడి పేరు మీద రాశారు.

పెట్టే వేళలు ఒక్కటి కూడా మార్చలేదు. ఇది ముఖ్యం. అత్తయ్యగారి కాఫీ వేళ, పది గంటల వేళ, సాయంత్రం వేళ అన్నీ అలాగే ఉన్నాయి. పెట్టేది మారింది. బిస్కెట్ల బదులు కీరదోస ముక్కలు, పచ్చి క్యారెట్, ఉప్పు వెయ్యకుండా ఉడికించిన బీన్స్, సొరకాయ. ఇడ్లీ పోలేదు, నెయ్యి లేకుండా పావు ముక్క అయింది. డాక్టరు గారు ఒక మంచి మాట అన్నారు. కుక్క ఎంత పెట్టారన్నది చూసుకోదు, ఎన్నిసార్లు పెట్టారన్నది చూసుకుంటుంది. ఒక బిస్కెట్‌ని ఎనిమిది ముక్కలు చేస్తే దానికి ఎనిమిది పండగలు. మిగతాదంతా పొద్దున్నే తూచి స్టీలు డబ్బాలో వేసేస్తారు. ఎవరు ఏం పెట్టాలన్నా ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి కొట్టు కట్టేసినట్టే. చాలా ఇళ్ళలో కుక్క రెండుసార్లు తినేది దాని తెలివి వల్ల కాదు, పొద్దున్న నాన్న పెట్టారో లేదో అమ్మకి తెలియక. డబ్బా పద్ధతిలో ఆ గొడవ లేదు.

మొదటి నెల కిలోన్నర తగ్గింది. రెండో నెల అసలు కదల్లేదు. మామయ్యగారు పద్దు తిరగేసి ఎక్కడో లీకేజీ ఉందని తేల్చారు. వాచ్‌మన్ భార్య రోజూ సాయంత్రం రెండు బన్నులు పెడుతోందట. దానికీ పాపం ప్రేమే. పది నెలలకి 32.5 కిలోలు వచ్చింది. ఇప్పుడు మెట్లు ఎక్కుతుంది. మామయ్యగారు దానితో పాటు వీధి చివరిదాకా వెళ్ళి వస్తున్నారు, ఆయన షుగర్ కూడా కాస్త దిగింది. ఆ సంగతి పుస్తకం వెనక పేజీలో విడిగా రాసుకున్నారు.

నడక అన్నాను కదా, దాని గురించి ఒక భ్రమ ఉంది. "మేం రోజూ వాకింగ్‌కి తీసుకెళ్తాం, అయినా తగ్గట్లేదు" అంటారు. ముప్పై కిలోల కుక్క రెండు కిలోమీటర్లు నడిస్తే కరిగేది సుమారుగా మూడు గ్లూకోజ్ బిస్కెట్లంత. వాకింగ్ నుంచి రాగానే "మంచి పిల్లవి" అని నాలుగు బిస్కెట్లు పెడితే లెక్క మీకే తెలుస్తుంది. నడక కీళ్ళకి మంచిది, మనసుకి మంచిది, ఇంట్లో సోఫాలు కొరక్కుండా ఉండటానికి మరీ మంచిది. తప్పకుండా తీసుకెళ్ళండి. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ వాళ్ళు 2018లో కుక్కల కోసమే పార్కు తెరిచారు కూడా. కానీ బరువు తగ్గేది ప్రధానంగా గిన్నె దగ్గరే.

"ఆకలి వేయకపోతే అలా ఎందుకు అడుగుతుందండీ, ఆ కళ్ళు చూడండి" అంటారు. లాబ్రడార్ పెంచేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీవాళ్ళు లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక చిన్న ముక్క లేకపోవడం కనిపెట్టారు. తిన్నాక "ఇక చాలు" అని మెదడుకి చెప్పడంలో ఆ జన్యువుకి పాత్ర ఉంది. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకి ఆ లోపం ఉందట. అంటే ఆ కుక్క నటించడం లేదు, నిజంగానే ఎప్పుడూ ఆకలిగా ఉంటుంది. అయితే రెండు గిన్నెలు పెట్టినా ఆ ఆకలి తీరదు, ఎందుకంటే లోటు కడుపులో లేదు, కబురందడంలో ఉంది. ఈ ముక్క చదివి వినిపించినప్పుడు మామయ్యగారు సీజర్ తల నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు. సీజర్‌కి ఆ లోపం ఉందో లేదో మేం పరీక్ష చేయించలేదు. కానీ ఆయనకి మాత్రం ఒక బరువు దిగినట్టయింది. అది అడుగుతుంటే పెట్టకపోవడం నిర్దయ కాదని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కలకీ పిల్లులకీ కూడా ఇలాంటిదే ఒక మెలిక ఉంది. ఆ తర్వాత ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆపరేషన్ చేయించండి, మంచిదే. కానీ కుట్లు విప్పిన రోజు నుంచే గిన్నె చిన్నది చేయాలి. ఆపరేషన్ అయింది కదా, నీరసంగా ఉంటుందని బాలింతకి పెట్టినట్టు పెడతాం మనం.

పగ్ కుక్కల గురించి చెప్పకపోతే పాపం. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక పిల్లాడి వెనకాల పగ్ కుక్క నడిచినప్పటి నుంచి మన ఊళ్ళలో కూడా అవి వచ్చేశాయి. మూతి నొక్కేసినట్టు ఉండి అసలే ఊపిరాడని జాతి. కుక్కకి ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగరిస్తేనే వేడి దిగుతుంది. మెడ చుట్టూ కొవ్వు పేరుకున్న పగ్, మే నెల హైదరాబాద్ ఎండ, మధ్యాహ్నం కరెంటు పోయిన ఇల్లు. ఈ మూడూ కలిస్తే ప్రాణం మీదకి వస్తుంది. అది గురక పెడుతుంటే నవ్వుతూ వీడియోలు తీస్తారు. ఊపిరి కోసం అది పడే కష్టమండీ ఆ చప్పుడు.

ఇక అభ్యంతరాలు. మా పెద్దమ్మ ఒకమాటు, "మా రోజుల్లో మిగిలిన చారన్నం పెట్టేవాళ్ళం, ఏ కుక్కకీ ఈ రోగాలు లేవు" అంది. నిజమే పెద్దమ్మా. కానీ ఆ కుక్క పొద్దున్న లేచి చెరువు గట్టు దాకా వెళ్ళి, పొలం అంతా తిరిగి, రాత్రంతా వీధి కాపలా కాసేది. దాని చారన్నం రోజుకి ఒక్కపూట, అదీ మిగిలితే. ఇప్పుడు ఆ చారన్నమే ఏసీ గదిలో పడుకునే కుక్కకి, పాకెట్ ఫుడ్ మీద అదనంగా పెడుతున్నాం. రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. "మనుషులకే తిండి లేని దేశంలో కుక్కలకి డైటింగా?" అని. నాకు ఈ ప్రశ్న వేసినవాళ్ళని నేను తప్పు పట్టను. మా పనమ్మాయి ముందు కుక్క తిండి తూచేటప్పుడు నాకే ఇబ్బందిగా ఉంటుంది. కానీ చూడండి, నేను చెప్పేది తక్కువ పెట్టమని. నెయ్యి, పాలు, చికెన్ ముక్కలు అవసరం లేని కడుపులో కుక్కొద్దని. కోరికలన్నీ తీర్చి, ఆ తర్వాత మోకాలి ఆపరేషన్‌కి వేలకి వేలు పోయడం కన్నా ఇది ఖరీదైన సరదా ఎలా అవుతుంది?

పిల్లుల దగ్గరికొద్దాం. ఇక్కడ నా స్వరం కొంచెం పెరుగుతుంది, ఏమనుకోకండి. వైజాగ్‌లో మా చెల్లెలి ఇంటి పక్కన ఒక పిల్లి ఉంది, ఏడు కిలోలు. మామూలు పిల్లి నాలుగైదు కిలోలుంటే చాలు. వాళ్ళు శాకాహారులు, దానికి పాలు, పెరుగన్నం పెడతారు. అయిదు కిలోల పిల్లికి రోజంతా కావలసింది 200 నుంచి 250 కేలరీలు. ఒక గ్లాసు పాలల్లోనే అందులో సగం అయిపోతుంది. పిల్లికి పాలంటే ప్రాణం అని మనం కథల్లో చదువుకున్నాం గానీ, పెద్దయిన పిల్లులు చాలావాటికి పాలు సరిగ్గా అరగవు. పిల్లి మాంసం తిని బతకడానికి పుట్టిన జంతువు. మాంసంలో దొరికే టారిన్ లేకపోతే దాని గుండె, కళ్ళు దెబ్బతింటాయి. అంటే పెరుగన్నం పిల్లి పైకి లావుగా, లోపల పస్తుతో ఉంటుంది. ఇంట్లోకి మాంసం తేవడం మీకు పట్టింపైతే తప్పు లేదు, అన్నీ కలిపి చేసిన పిల్లుల పాకెట్ ఫుడ్ కొనండి. అదీ కుదరదంటే చిలకో, చేపలతొట్టో చూసుకోండి. దాని మీద మన ఆచారం రుద్దడం భక్తి కాదు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. లావు పిల్లిని చూసి భయపడి ఉన్నట్టుండి తిండి మానిపించకండి. లావుగా ఉన్న పిల్లి నాలుగు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి చేరి ప్రాణం తీస్తుంది. ఆకలైతే అదే తింటుందిలే అని కొత్త తిండి పెట్టి మొండికేయడం కుక్క దగ్గర చెల్లుతుందేమో, పిల్లి దగ్గర చెల్లదు. డాక్టరుని అడిగి వారానికి ఒంట్లో ఒక శాతం చొప్పున, నెలల తరబడి దించాలి. పిల్లిని వాకింగ్‌కి తీసుకెళ్ళలేం కాబట్టి తిండినే నడిపించాలి. గిన్నె ఒకచోట కాకుండా కొంచెం అలమర మీద, కొంచెం కిటికీ గట్టు మీద, కొంచెం మంచం కింద. వేటాడి తిన్నట్టు ఉంటుంది దానికి. లావు పిల్లులకి మనలాగే షుగర్ వస్తుంది. రోజుకి రెండుసార్లు పిల్లికి ఇన్సులిన్ సూది వేసే ఇల్లు నేను చూశాను. ఆ ఇంటావిడ ఏడాదిన్నరగా ఏ పెళ్ళికీ వెళ్ళలేదు.

మిగిలినవాటిలో పెద్ద రహస్యాలేం లేవు. కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి కాబట్టి మన కంచంలోవి అసలు పెట్టకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి విషం. పాకెట్ మీద వేసిన పట్టిక దానికి ఉండాల్సిన బరువుని బట్టి చూడాలి, ఇప్పుడున్న బరువుని బట్టి కాదు. ఉన్న బరువుని బట్టి చూస్తే లావుకి లావు పోసినట్టే. బహుమతి ముక్కలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

ఇన్ని చేసినా మా ఇంట్లో తేలని సమస్య ఒకటుంది, లిఫ్ట్. లిఫ్ట్‌లో కలిసే ప్రతివాళ్ళ సంచిలోనూ సీజర్ కోసం ఏదో ఒకటి ఉంటుంది. వద్దండీ అంటే "ఒక్కటేగా" అంటారు. నలభై ఫ్లాట్లు, తలో ఒక్కటి. పోయిన ఆదివారం మామయ్యగారు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "నాకు ఏమీ పెట్టవద్దు. నా పద్దు తప్పుతుంది. ఇట్లు, సీజర్" అని రాసి మెడ పట్టీకి కట్టారు. మా చిన్నాడు అది ఇంగ్లీషులో రాయాలి తాతయ్యా అన్నాడు, సగంమంది తెలుగు చదవలేరట. అట్ట వెనకవైపు ఖాళీగా ఉంది, అక్కడ రాయమన్నారు ఆయన. వాడు రాసేలోపు సీజర్ అట్ట కొస కొరికేసింది. అట్టకి ఎన్ని కేలరీలో పుస్తకంలో ఎలా వేయాలని మామయ్యగారు నన్ను అడుగుతున్నారు.